ఖలాసీ మాట వినమన్న వకీలు

పాలమూరు వకీలు అనంతయ్య గారు కన్నుమూశారన్న తంతి, సాగర్ ఆనకట్ట పనుల దగ్గరి వర్క్‌షాపులో ఉండగా నా చేతికి వచ్చింది. నిజం చెప్పాలంటే దుఃఖం కన్నా ముందు విసుగు వచ్చింది. జైల్లో ఉన్న నా తమ్ముడు సాయిలు కేసు బొంబాయిలో విచారణకు రావడానికి అప్పటికి పదకొండు రోజులే ఉంది. ఏడాదిన్నర వాయిదాల తర్వాత దొరికిన విచారణ అది. అందులో వాడి మాట వినాలని పట్టుబట్టిన మనిషి ఒక్కరే. ఆయనే వెళ్లిపోయారు.

వరుసగా చెబుతాను. మాది కోస్గి పక్క ఊరు. వానలు లేని ఏడు సాయిలు బొంబాయికి కూలికి పోయి, సరుకుల ఓడలో ఇంజను గది ఖలాసీ అయ్యాడు. ఒకరోజు అక్కడ ఆవిరి ఎగజిమ్మి తోటి ఖలాసీ కాలి చనిపోయాడు. వాల్వు మూయకుండా వదిలింది సాయిలేనన్నారు. కెప్టెన్ పిలిపించగానే వాడు తలగుడ్డ తీసి, వంగి ఆయన కాళ్లకు మొక్కాడు. మా వైపు పెద్దవాళ్ల ముందు నోరు తెరిచే ముందు చేసే పని అది. తప్పు ఉన్నా చేస్తారు, లేకున్నా చేస్తారు. కెప్టెన్ మాత్రం, నేరం ఒప్పుకొని క్షమాపణ వేడుకున్నాడని ఇంగ్లీషులో రాసి వేలిముద్ర తీసుకున్నాడు. ఆ కాగితంలో ఏముందో వాడికి చెప్పింది సారంగు, అంటే ఖలాసీల మీది మేస్త్రీ. ఆ పూట ఇంజను గది బాధ్యత ఆ సారంగుదే.

నేను పాలిటెక్నిక్ చదివినవాణ్ని. వాల్వు భాగాలన్నిటికీ అంకెలు వేసి, బొమ్మ గీసి అనంతయ్య గారి దగ్గరికి తీసుకెళ్లాను.

"మంచిగ గీసినవ్ నర్సింలు. నీ తమ్ముడు ఏం చెప్తుండో గిండ్ల యాడుంది?"

"వాల్వు లోపలి ప్యాకింగ్ అరిగి ఉంటది సార్. మూసినా కారుతది. బొమ్మ చూస్తే తెలుస్తలేదా?"

"నీకు తెలుస్తది. వాన్ని ఎవ్వలన్న అడిగిండ్రా?"

"లేదు సార్."

"మరి గదే మన కేసు. వాల్వు తర్వాత."

నాకు ఒళ్లు మండింది. ఆయన పద్ధతే అంత. ముద్దాయి చెప్పింది వాడి మాటల్లోనే రాసి, మూడుసార్లు చదివి వినిపించేవారు. వాడు కాదన్న వాక్యం కొట్టేసేవారు. మేకల దొంగతనం కేసులో ఒకడు, "రెండు గాదు సారూ, నేను తోలుకపోయింది ఒక్కటే. రెండోది దానంతటదే ఎంబడి వచ్చింది" అంటే, అదీ అక్షరం మార్చకుండా రాశారు. కోర్టంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

జొన్న రొట్టెలు మూట కట్టుకొని నాతో బొంబాయి వచ్చారు. అప్పటిదాకా ఆయన సముద్రం చూడలేదు. చూసి కూడా రెండు నిమిషాలు నిలబడలేదు, "జైలు ఏ దిక్కు?" అన్నారు. అక్కడ సాయిలు ఆయన కాళ్లకు వంగబోతే భుజాలు పట్టుకొని ఆపారు.

"నిలవడు. జర నా మొఖం జూసి చెప్పు."

"నేను మూసిన సారూ. మూసినా కారుతాందని సారంగుకు రెండుసార్లు చెప్పిన."

"గా ముచ్చట కెప్టెన్‌కు చెప్పినవా?"

"ఆయన అడగలే సారూ."

తర్వాతి నెలలు తలచుకుంటే ఇప్పటికీ చిరాకే. ఓడ ఆఫీసు రేవు ఆఫీసుకు పొమ్మంది, రేవు ఆఫీసు కోర్టుకు పొమ్మంది, కోర్టు తెలుగు దుబాసీ లేడంది. మధ్యలో ఓడ యజమానులు కబురంపారు: నేరం ఒప్పుకుంటే తక్కువ శిక్షతో పోతుంది, నెలలో ఇల్లు చేరతాడు. మా అమ్మ ఒప్పుకోమంది. నేనూ అదే అన్నాను. ఆయనతో గట్టిగానే అన్నాను.

"ఒప్పుకోని. నేను అడ్డం రాను. గని ముందుగాల ఏం ఒప్పుకుంటుండో వానికి తెలుగుల సదివి చెప్తా. మనిషిని సముద్రంల తోలినోళ్లకు, వాడు ఒడ్డుకొచ్చినంక ఏమైందిరా అని అడిగే తీరిక లేదా?"

చదివి చెప్పారు. సాయిలు వేలిముద్ర వేయలేదు. చివరికి, ఓడతో సంబంధం లేని తెలుగు దుబాసీని పెట్టి వాంగ్మూలం మళ్లీ తీసుకోవాలని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఒక్క ఉత్తర్వు కోసం ఆయన రాసిన అర్జీలు నేను లెక్కపెట్టాను: పందొమ్మిది.

దహనం నాడే ఇంకో వకీలు నన్ను పక్కకు పిలిచాడు. "పెద్దాయనది మొండితనం. ఇప్పటికన్న ఒప్పుకొమ్మను, అయిపోతది" అన్నాడు. నేను ఆ మాట సాయిలుకు రాశాను. వాడు తోటి ఖైదీ చేత రాయించిన కార్డు నిన్న వచ్చింది.

"అన్నా, నేను మూసిన. గా మాట నా నోటితోని చెప్పనియ్యి. చెప్పినంక ఏం శిక్ష ఏసినా సరే."

ముఖం పైకెత్తి మాట్లాడటం తెలియని నా తమ్ముడికి ఆ ధైర్యం ఇచ్చిన పెద్దమనిషికి నమస్కరిస్తున్నాను. ఎల్లుండి వాంగ్మూలం. దుబాసీ తప్పు చెబితే లేచి, "ఆగండి, వాడన్నది అది కాదు" అనే వకీలు కోసం ఈ పాలమూరంతా తిరిగాను. దొరకలేదు.