లిదియా వంతు వెయ్యి బీడీలు

ఆర్మూరు పసుపు మార్కెట్ వెనక గల్లీలో లిదియా ఉండేది. ఏడో తరగతి దాకా చదివింది. పెళ్లయ్యాక గల్లీలో అందరిలాగే చాట ఒళ్లో పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది.

2003 జూన్‌లో ఆమె కూతురు కృప బడికి పోయిన మొదటిరోజే గంట మోతకు జడుసుకుని ఇంటికి పరుగెత్తింది. వెనకే మరో ఆరుగురు. ఆ ఏడాది వాళ్లెవరూ మళ్లీ బడి మొహం చూడలేదు.

"పిల్లలది తప్పెట్లయితది? బడంటే ఏందో ఎవరన్న చెప్పిన్రా వాళ్లకు?" అంది లిదియా పొరుగింటి నీలవ్వతో.

"నువ్వే చెప్పు."

"చెప్త. మరి నా బీడీలెవరు చుడ్తరు?"

నీలవ్వ చేతిలో ఆకు ఆగిపోయింది. "మేం చుడ్తం! ఇరవై మందిమున్నం. మనిషికి యాభై. గంతే!"

అలా మరుసటి మార్చి నుంచి రోజూ పొద్దున లిదియా వాకిట్లో పద్దెనిమిది మంది పిల్లలు చేరారు. అక్షరాల కన్నా ముందు, పేరు గట్టిగా చెప్పడం నేర్పింది. ఒంటికొస్తే వేలు ఎత్తమంది. స్టీలు పళ్లెం మీద గరిటెతో గంట కొట్టి, మోగినప్పుడల్లా చప్పట్లు కొట్టించింది. అందరూ కేరింతలే. నీలవ్వ మనవడు భూమేష్ మాత్రం నోరు విప్పేవాడు కాదు. తండ్రి దుబాయి పోయినప్పటి నుంచి అంతే.

జూన్‌లో బడి తెరిచిన రోజు పిల్లలందరికీ ఒకే పొడుగాటి తాడు పట్టించి లిదియా బయల్దేరింది. మార్కెట్ రోడ్డు నిండా పసుపు బస్తాల లారీలు. హమాలీ ముత్తెన్న రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగు డ్రైవరన్నా! ఫౌజు పోతున్నది!"

బడిలో సారు రిజిస్టరు తెరిచి ముందున్న భూమేష్‌ని అడిగాడు. "పేరేంది బిడ్డా?"

వాడు తాడు కొసను వేలికి చుట్టుకున్నాడు. లిదియా వాడి భుజం తట్టింది.

"భూమేష్!" ఒక్కసారిగా అరిచాడు వాడు. "మా అమ్మ వినోద! మార్కెట్ ఎనక గల్లీ!"

అంతే, మిగతా పదిహేడు మందీ తమ పేర్లు ఒకేసారి అరిచేశారు. సారు నవ్వుతూ చెవులు మూసుకున్నాడు. "జర ఆగుండ్రి! ఒక్కొక్కలు చెప్పుండ్రి!"

లిదియా ఇల్లు చేరేసరికి గల్లీలో ఎవరికీ చేతులు ఆడటం లేదు. అందరి చూపూ రోడ్డు మీదే. దూరంగా బడి గంట మోగింది. పిల్లలెవరూ పరుగెత్తి రాలేదు. ఉండబట్టలేక నీలవ్వ పోయి, కిటికీలోంచి తొంగిచూసి పరుగున వచ్చింది.

"ఒక్కలు గూడ ఏడుస్తలేరే! గంట కొట్టంగనే నీ కృప లేచి చప్పట్లు కొట్టింది! మా భూమేష్ సారుకే ఏదో చెప్తుండు!"

లిదియా ఎగిరి గంతేసింది. ఒళ్లోని చాట బోర్లాపడి తంబాకు వాకిలంతా చిందింది.

సాయంత్రం పిల్లలు గుంపుగా వచ్చి ఆమె మీద పడ్డారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నల్లా దగ్గర కప్ప ఉందని మాత్రమే అర్థమైంది ఆమెకు.

"ఎంత కప్ప?" అంది నవ్వాపుకోలేక.

భూమేష్ రెండు చేతులూ బార్లా చాపాడు. "గింత!"