నేను తాగించిన గుమ్మపాలు

నేను బడికి వెళ్లింది మూడో తరగతి దాకానే. తర్వాతి చదువంతా పేపర్లు, లైబ్రరీలో పాత పుస్తకాలు. చదివినదేదీ కిందటేడు మా ఇంటికి అక్కరకు రాలేదు. నాకు తట్టకపోయిందంటే సరే, పెద్ద చదువులు చదివిన వాళ్లకూ తట్టలేదు. అదీ నా కోపం.

మా గేదె నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చిన దూడ పడింది గానీ మాయ పడలేదు. మా ఆవిడ గాజులు పైకి తోసుకుని, చేతికి కొబ్బరినూనె రాసుకుని, మోచేతి దాకా లోపల పెట్టి మాయ తీసింది. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పని. వీధిలో ఏ గేదెకు మాయ నిలిచినా ఆవిడకే కబురొచ్చేది.

నెల తిరక్కుండానే ఆవిడకు జ్వరం పట్టుకుంది. పొద్దున ఉండదు, పొద్దు వాలేసరికి వస్తుంది. ఒళ్లంతా చెమట. నడుము లాగేస్తోందని గోడ పట్టుకుని లేచేది. రామచంద్రపురంలో టైఫాయిడ్ అన్నారు. మందులు వాడాక తగ్గింది, పది రోజులకు మళ్లీ వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్లాను. షుగరుందా, బీపీ ఉందా, కార్డు తెచ్చారా అని అడిగారు. ఇంట్లో పశువులున్నాయా అని ఒక్కరూ అడగలేదు. మా వైపు నుంచి వచ్చిన మనిషిని ఆ మాట అడక్కపోతే ఇంకేం అడిగినట్టు? ఈ వయసులో నొప్పులు మామూలేనని పంపేశారు.

మనిషి చిక్కిపోతుంటే ఊరుకోలేకపోయాను. దూడ పోయినా గేదె కాస్తో కూస్తో పాలిస్తోంది. చిన్నప్పుడు నేను జబ్బు చేసి లేస్తే మా నాన్న గేదె పక్కనే నిలబెట్టి గుమ్మపాలు తాగించేవాడు. పొదుగు నుంచి తీసినవి తీసినట్టే, ఆ నురగతో, ఆ వెచ్చదనంతో, కాచకుండా. నేనూ రోజూ పొద్దున్నే గ్లాసు నిండా పిండి తెచ్చేవాణ్ని.

"కాచి కాఫీలో పోసుకుంటానండి. వాసనేస్తున్నాయి."

"కాస్తే బలమంతా పోదూ? కళ్లు మూసుకుని తాగు."

రెండు నెలలు ఇలాగే గడిచాయి. ఒకరోజు పశువులకు టీకాలు వేయడానికి వచ్చిన డాక్టరమ్మ మా గేదెను చూసి, ఎప్పుడు ఈనిందని అడిగింది. ఈనలేదమ్మా, ఈసుకుపోయిందన్నాను. ఆమె తల తిప్పి, అరుగు మీద మూలుగుతూ కూర్చున్న మా ఆవిడ వైపు చూసింది.

"మాయ ఎవరు తీశారండి?"

"నేనేనమ్మా."

"జ్వరం ఎన్నాళ్ల నుంచి వస్తోందండి?"

మాయ సంగతి అడిగిన నోటితోనే జ్వరం సంగతీ అడిగిన మొదటి మనిషి ఆమె. గేదె కడుపులో దూడను పోగొట్టిన రోగమే మనిషికీ అంటుతుందని చెప్పింది. మాయ నుంచి, ఉమ్మనీటి నుంచి వస్తుందట. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలట.

"పాలు కాచే తాగుతున్నారు కదండీ?"

నేను నేల చూపులు చూశాను. మా ఆవిడే అందుకుంది.

"ఈయన కూడా డాక్టరేనమ్మా. రోజూ పచ్చివే పోశారు."

ఆమె రాసిచ్చిన చీటీతో మళ్లీ రాజమండ్రి వెళ్లి రక్తం ఇస్తే అదే రోగమని తేలింది. ఆరు వారాలు మాత్రలన్నారు. గేదె సంగతి ముందే చెప్పాల్సింది కదా అన్నాడు డాక్టరు. "మీరు అడగాల్సింది కదండీ" అన్నాను.

తిరుగు బస్సులో ఆ కోపం చల్లారి, అడుగున వేరేది మిగిలింది.

"నా చేత్తో నేనే తాగించానే" అన్నాను.

"చేతితో అంటిందో, పాలతో అంటిందో ఎవరు చూశారు? వాసనేస్తున్నాయంటే ఒక్కరోజన్నా విన్నారా, అది చెప్పండి."

మర్నాటి నుంచి పాలు నేనే కాచి ఇచ్చాను.

మాత్రలు మొదలెట్టిన మూడో వారంలో ఒక సాయంత్రం, జ్వరం వచ్చే వేళ చూసుకుని, ముందే దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుంది. వీధి లైట్లు వెలిగాయి.

"ఏవండీ, ఇంకా రాలేదేంటి?"

నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది.

"రాదులే."

"మరి చెప్పరే! ఉడికి చస్తున్నాను" అంటూ దుప్పటి తీసి నా మీద పడేసింది.