అక్కాచెల్లెళ్ళ దవడలో నల్లమచ్చలు

ఆసుపత్రిలో అందరూ ఆవిడని ‘కదలకమ్మ’ అనేవాళ్ళు. పళ్ళ ఎక్స్‌రే గదిలో ఇరవై రెండేళ్ళుగా “కదలకండి, మింగకండి” అనడమే ఆవిడ ఉద్యోగం.

ఒకరోజు జ్ఞానదంతం సలుపుతోందంటే డాక్టరమ్మ ఆవిడకే ఫోటో రాసింది. గడ్డం ఆనించి నిలబడితే తోటి అమ్మాయి మీట నొక్కింది. తెర మీద బొమ్మ తేలేసరికి ఆ పిల్ల ఆవిడని పిలిచి చూపించింది. జ్ఞానదంతం మాట దేవుడెరుగు, కింది ముందుపళ్ళ వేళ్ళ దగ్గర శనగగింజలంతేసి మూడు నల్లమచ్చలు!

“పేరు తారుమారైందేమో చూడవే.”

“మీ పేరే మేడమ్.”

ఎంతమంది దవడలు చూసిన మనిషో! తన దవడ చూసుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరమ్మ మంచులా చల్లటి దూది ఒక్కో పంటికీ ఆనించింది. ప్రతి పన్నూ జివ్వుమంది. ఆపైన అన్ని వైపుల నుంచీ స్కాన్ తీయించింది.

“పళ్ళు బతికే ఉన్నాయి. ఇది చీమూ కాదు, క్యాన్సరూ కాదు. అక్కడ ఎముక తీరు మారుతోంది, అంతే. నడివయసు ఆడవాళ్ళలో చూస్తుంటాం. కొయ్యొద్దు, పరీక్షకి ముక్క తియ్యొద్దు. ఆర్నెల్లకోసారి, తర్వాత ఏడాదికోసారి ఫోటో తీసి చూద్దాం.”

కదలకమ్మ ప్రాణం లేచొచ్చి, సాయంత్రం తన అక్క ఇంటికెళ్ళి చెప్పింది. అక్క మొహం పాలిపోయింది.

“నాకూ అక్కడే కదే మచ్చలన్నారు! చీము పట్టిందని నాలుగు పళ్ళూ పీకేశారు!”

బీరువాలోంచి పన్నెండేళ్ళనాటి ఫిల్ము తీసింది. మూలన తేదీ వేసిన చేతిరాత చెల్లెలిదే. ఆనాడు ఫోటో తీసిందీ, భయపడకు అంటూ అప్పటి డాక్టరు దగ్గర కూర్చోబెట్టిందీ తనే.

మర్నాడు ఇద్దరూ వెళితే డాక్టరమ్మ ఆ ఫిల్ముని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది.

“పళ్ళు లేకుండా ఖాయంగా చెప్పలేను. కానీ అదే రకంలా ఉంది. అప్పుడు పళ్ళకి చల్లదనం తగిలించి చూశారా?”

“ఏమీ చూళ్ళేదు. నోరు తెరవమన్నారు, పీకారు,” అంది అక్క. కట్టుడుపళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చెల్లెలి వంక చూసింది. “అంటే, మంచి పళ్ళేనటే?”

చెల్లెలు ఫిల్ము అందుకుని, మూలనున్న తన చేతిరాతని వేలితో కప్పింది.

నెలల తరబడి అక్క ఫోనెత్తలేదు. ఆర్నెల్ల ఫోటో రోజున మాత్రం పిలవకుండానే వచ్చి గోడవార నిలబడింది. తెర మీద మచ్చలు పెరగలేదు. ఒకదాని నడుమ తెల్లగా ఎముక పోసుకుంటోంది. డాక్టరమ్మ “ఎముక ఇలాగే గట్టిపడుతుంది, మంచిదే” అంది.

“నా దవడ కూడా చూడండి,” అంది అక్క, ఫోటోకి అడ్డమొచ్చే చెవి జూకాలు తీసి చెల్లెలి చేతిలో పెడుతూ.