వినబడుతోందండోయ్!

మా మేనత్త ఎవరి మాటా వినదు. మొండిమనిషి కాబోలు అనుకునేరు. అది కాదు, అక్షరాలా వినదు. పరాయివాళ్ల కబుర్లు చెవిన పడబోతే చాలు, గొంతెత్తి "వినబడుతోందండోయ్!" అని హెచ్చరిస్తుంది. ఆ తర్వాత కూడా మాట్లాడితే వాళ్ల ఖర్మ.

ఈ జబ్బు ఉద్యోగంలో అంటుకుంది. అత్తయ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడ తీగ తగిలించాల్సిందే. ఎవరి సంబంధం తప్పిపోయింది, ఎవరి వ్యాపారం మునిగింది, అన్నీ తెలుసు. రిటైరయ్యాక కూడా ఒక్క ముక్క నోరు దాటి రాలేదు. మా నాన్న కూపీ లాగాలని చూసేవాడు.

"చెల్లాయ్, ఆ బట్టలకొట్టాయన దివాలా తీశాడటగా?"

"ఏ బట్టలకొట్టు?"

"మనం బట్టలు కొనే కొట్టే."

"మనం బట్టలు కొంటామా?"

ఆవిడతో బస్సెక్కడం పెద్ద గండం. ఒకసారి వెనకసీట్లో కుర్రాడెవరో ఫోనులో ప్రియురాలిని బతిమాలుకుంటున్నాడు. "బాబూ, వినబడుతోందండోయ్!" అంది అత్తయ్య. అతను గొంతు తగ్గించాడు. "ఇంకా వినబడుతోంది!" పాపం, తర్వాతి స్టాపులో దిగిపోయాడు.

"అయ్యో, అతను దిగాల్సింది ఇక్కడ కాదే," అంది.

"నీకెలా తెలుసు?"

నాలిక కరుచుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

పక్కింటి మొగుడూపెళ్లాలు పోట్లాడుకుంటే గోడ మీద గరిటెతో కొట్టి మరీ అరిచేది. వాళ్లు తమ గొడవ ఆపేసి, ఇద్దరూ ఒక్కటై ఈవిడ మీదికి వచ్చేవాళ్లు. అలా ఎన్నిసార్లు రాజీపడ్డారో!

ఇలాంటి మనిషి బతుకులోకి ఎన్నికలొచ్చాయి. ఫోనుల్లో జనం మాట్లాడుకునే ప్రతి మాటనూ ప్రభుత్వం దాచి ఉంచుకునేలా చట్టం తెస్తారట. దొంగలు దొరుకుతారని కొందరు, అందర్నీ దొంగల్ని చేస్తున్నారని కొందరు. ఈ రెండో పక్షాన ఒక ప్లీడరు నిలబడ్డాడు. 'మీ మాట మీది!' అన్నది ఆయన నినాదం. అత్తయ్య ఉబ్బితబ్బిబ్బయింది. ఆయన బొమ్మను వీధి గుమ్మానికి అంటించింది. పాలు పోయడానికి వచ్చినవాడికి కూడా ఆయన కరపత్రం చదివి వినిపించింది.

ఆదివారం పొద్దున గ్రంథాలయం హాల్లో సభ జరిగింది. మేం ముందు వరసలో కూర్చున్నాం. ప్లీడరు దంచేశాడు. "మీ ఇంట్లో మీరు గుసగుసలాడుకుంటే సర్కారుకి ఏం పని?" అన్నప్పుడు అత్తయ్య లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. విరామం ఇచ్చారు. ఆయన పక్కగదిలోకి వెళ్లాడు. కాలరుకి తగిలించిన చిన్న మైకు తియ్యడం మరిచిపోయాడు. మైకు మనిషి టీకి పోయాడు.

గోడ మీది స్పీకర్లు మాట్లాడటం మొదలుపెట్టాయి.

"ఓహో, మేనేజరుగారా! రండి, కూర్చోండి," అంటోంది ప్లీడరు గొంతు.

"మీ ప్రచారానికి మా కంపెనీ ఎంత పోస్తోందో మీకు తెలుసు. బయట మీరెంత తిట్టినా ఫరవాలేదు. గెలిచాక, ఆ మాటలు దాచే మిషన్ల కాంట్రాక్టు మాత్రం మాకే రావాలి."

"తిట్టడం తిట్టడమే, ఒప్పందం ఒప్పందమే," అన్నాడు మన ప్లీడరు.

హాల్లో తలలన్నీ స్పీకర్ల వైపు తిరిగాయి. నేను అత్తయ్య వైపు చూశాను. అరవలేదు, చెవులు మూసుకోలేదు. మొహం మాత్రం వాడిపోయింది.

"అత్తయ్యా, వింటున్నావా!"

"ఇది వాళ్లింటి సంగతి కాదురా. మన ఫోన్ల బేరం. బాగా విను."

ఇంతలో స్పీకర్లలో ఫోను మోగింది. మేనేజరు వెళ్లిన చప్పుడైంది. ప్లీడరు గొంతు ఒక్కసారిగా మారిపోయింది. "ఏడవకు తల్లీ... ముందు ఏమైందో చెప్పు..."

నా పక్క కుర్చీ ఖాళీ. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కడానికే మూలిగే మనిషి పక్కగదిలోకి దూసుకుపోయింది. నేను వెనకాలే పరిగెత్తేసరికి, రెండు చేతులతో ప్లీడరు కాలరు పట్టుకుని వేలాడుతోంది. కొడుతోందేమో అనుకున్నాను. మైకుని పిడికిట్లో అదిమిపెట్టి, "మాట్లాడు నాయనా, ఎవరికీ వినబడదు, మాట్లాడు," అంటోంది. ఆయన చెంపల మీద నీళ్లు. నేను తలుపు దగ్గరికి వేసి బయట నిలబడ్డాను.

జనం గోలపెట్టారు. "మైకు ఎవరు ఆపారు? ఇంకేం ఒప్పుకున్నాడు?" అత్తయ్య బయటికి రాగానే అందరూ చుట్టుముట్టారు.

"ఏమో బాబూ, నాకు చెవుడు," అంది.

ప్లీడరు వేదికెక్కి, విన్నదంతా నిజమేనని ఒప్పుకుని, పోటీ నుంచి తప్పుకున్నాడు. అప్పట్నుంచీ మా ఊళ్లో ఏ అభ్యర్థి ఇంటికొచ్చినా జనం మొదట అడిగేది, ఖర్చెవరు పెడుతున్నారని. చట్టం మీద వాదన ఇంకా నడుస్తూనే ఉంది.

గుమ్మం మీది బొమ్మను అత్తయ్య గోళ్లతో గీకి తీసేసింది. కానీ మనిషి స్థిమితంగా లేదు. అన్నం తింటూ తింటూ, "ఆ పిల్ల..." అనేది.

"ఏ పిల్ల?"

"ఏ పిల్లా లేదు. కూర వేసుకో."

అడుగుదామంటే, అడిగితే విన్నట్టు ఒప్పుకోవాలి. ఆ బాధ పడలేక చిక్కి సగమైంది.

ఎన్నికలు ముగిశాక ఒకనాడు ప్లీడరే ఇంటికొచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, ఆ రోజు ఫోను చేసింది మా అమ్మాయి..." అన్నాడు.

"మీకు అమ్మాయి ఉందా!" అని అత్తయ్య బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

కోర్టులో ఎందరో దొంగసాక్షుల్ని చూసిన ప్లీడరు ఇంత చేతకాని సాక్షిని ఎన్నడూ చూసి ఉండడు. పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు.

"ఉందండి. హాస్టల్లో మెట్ల మీంచి పడి కాలు విరిగింది. ఇప్పుడు నడుస్తోంది."

అంతే. ఆయన నోటితో ఆయనే చెప్పాడు కనక ఇక అడ్డేముంది! "ఏ కాలు? కట్టు విప్పారా? మెట్లు ఎక్కనివ్వట్లేదు కదా? హాస్టల్లో అన్నం ఎలా ఉంటుంది? పక్కన ఎవరు పడుకుంటున్నారు?"

ప్లీడరు బోనులో నిలబడ్డవాడిలా ఒక్కొక్కదానికీ జవాబు చెబుతున్నాడు. అత్తయ్య కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నా ఓటు మాత్రం మీకు పడదు సుమండీ," అంది మధ్యలో. "ఊఁ, కుడికాలా? తర్వాత?"