రాగి కుప్ప ఆరేదాకా: హోసూరులో ఒక వారం

హోసూరుకు కొందరు చల్లదనం కోసం వెళ్తారు, కొందరు గులాబీ తోటలు చూడటానికి వెళ్తారు, చాలామంది ఫ్యాక్టరీ ఉద్యోగాల కోసం వెళ్తారు. నేను పెళ్ళాన్ని పిలుచుకురావడానికి వెళ్ళాను. చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయినా, నాకు ఎవరి గొంతునైనా అనుకరించే విద్య ఒకటి ఉంది. చిత్తూరులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే నా అంగడికి వచ్చినవాళ్ళలో ఆ విద్యకు మోసపోనివాడు లేడు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం పని లేక, ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుని, మా బావమరిది మునిరాజు గొంతుతో ఇంటికి ఫోన్ చేశాను. "అక్కా, అమ్మ బాత్రూంలో జారి పడిందక్కా" అన్నాను. సుగుణ ఏడుస్తుంది, నేను వెళ్ళి నవ్విస్తాను అనుకున్నాను. వెళ్ళేసరికి ఇంటికి తాళం. బస్టాండుకు పరిగెత్తాను. వేలూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు. నేను నవ్వుతూ నిజం చెప్పాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు, బస్సు కూడా దిగలేదు.

నలభై రోజులు గడిచాయి. ఫోన్ చేస్తే గ్యాసు అయిపోయిందా, కరెంటు బిల్లు కట్టావా అని అడిగి పెట్టేసేది. ఇంట్లో నేను జోకు వేస్తే ఫ్రిజ్ ఒక్కటే గుర్రుమనేది. నవంబరు చివరి సోమవారం, ఇక ఉండలేక, తెల్లారి అయిదు గంటల బస్సు ఎక్కాను. వేలూరులో మారి, వాణియంబాడి మీదుగా కృష్ణగిరి చేరేసరికి పది దాటింది. చార్జీలన్నీ కలిపి మూడు వందల లోపే. కృష్ణగిరిలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, స్వెటరు వేసుకున్న నన్ను చూసి టీ అంగడి ఆయన జాలిపడ్డాడు. అక్కడి నుంచి హోసూరు గంటా పావు. శూలగిరి దాటి ఎత్తుకు ఎక్కుతుంటే కిటికీలోంచి చలి మొదలైంది, హోసూరు బస్టాండులో దిగితే తుంపర. ఒక్క పూటలో రెండు కాలాలు చూడాలంటే ఇంతకన్నా చవకైన దారి నాకు తెలియదు.

మా అత్తగారి ఊరు కెలవరపల్లి డ్యాం దాటాక కొంచెం దూరం. టౌను బస్సు ఉంది, కానీ గంటకొకటి. ఆటో ఆయన్ని నాకొచ్చిన అరవంలో అడిగితే, ఆయన తెలుగులో జవాబిచ్చాడు.

"యాడికి పోవాలప్పా? కెలవరపల్లా? మూడు నూర్లు."

"డ్యాం చూసేకి పోతున్నానప్పా, కొనేకి కాదు."

"కొనేదైతే ఇంకా తక్కువకే వస్తాదిలే. ఆ నురగ నీళ్ళు ఎవురు కొంటారు?" అని నా ముఖం చూసి, "పెండ్లాం ఊరా?" అన్నాడు.

"ఎట్ల తెలిసె?"

"డ్యాం చూసేకి పోయేవాళ్ళు తల దువ్వుకోని పోరు. రా, రెండున్నర నూర్లకు వస్తా."

ఊరి బయట మునిరాజు చేలోనే సుగుణ కనబడింది. రాగి కోసి, వరుసలుగా నేల మీద పరిచి ఉంది. పైన తుంపర పడుతుంటే కింద చెమ్మ పట్టకుండా వరుసలను కర్రతో తిప్పేస్తోంది. నేను గట్టు మీద నిలబడ్డాను. తల ఎత్తి నన్ను పైనుంచి కిందకు చూసింది.

"ఎవురు కావాలప్పా?"

"నేనే సుగుణా."

"నేనంటే? మునిరాజు గొంతా, నీ గొంతా?"

"నా గొంతే. పోదాం పా."

"కోసిన రాగి నేల మింద ఉంది. కుప్ప ఏసేదాకా నాకు తీరదు. ఏసినాక సూస్తాం."

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఈ పక్క రాగిని కోయగానే నూర్చరు. చేలో ఎండబెట్టి, కట్టలు కట్టి, కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి వచ్చేలా గుండ్రంగా పేర్చి పెద్ద కుప్ప వేస్తారు. కుప్ప పడిందంటే గండం గడిచినట్టే, నూర్పిడి తీరిగ్గా చేసుకోవచ్చు. కుప్పకు ముందు మాత్రం రెండు మూడు గట్టి ఎండలు తగలాలి. అంటే నా సంసారం ఇప్పుడు హోసూరు ఆకాశం చేతిలో ఉంది.

ఇంట్లో మా అత్త రాగిముద్ద, కొత్త అనపగింజల పులుసు పెట్టింది. "అల్లుడొచ్చినాడు, నేను బాత్రూంలో పడినానో లేదో సూసిపోయేకి" అని నా ముద్దలో ఇంత నెయ్యి వేసింది. "ఈన్నే పడుకో అల్లుడా" అని కూడా అంది. సుగుణ కంచాలు ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను లేచి హోసూరుకు వచ్చి బస్టాండు దగ్గర గది తీసుకున్నాను. రోజుకు ఏడు వందలు, వేడి నీళ్ళు పొద్దున ఎనిమిది వరకే.

మంగళవారం పొద్దంతా ముసురు. బుధవారం ఎవరో తుడిచినట్టు ఆకాశం నీలంగా ఉంది, పదకొండుకల్లా స్వెటరు నడుముకు చేరింది. నేను చేలోకి దిగి వరుసలు తిప్పాను. నలభై తొమ్మిదేళ్ళ నడుము మధ్యాహ్నానికే చేతులెత్తేసింది. ఎవరి గొంతూ అనుకరించకుండా ఆ రోజు గడిపాను, అది నడుము నొప్పి కన్నా కష్టం. సుగుణ రెండుసార్లు నీళ్ళ చెంబు ఇచ్చింది. రెండోసారి ముఖం చూసి ఇచ్చింది.

గురువారం మళ్ళీ ఎండ, గాలి. మధ్యాహ్నం రెండు దాటాక తూర్పు నుంచి మబ్బు లేచింది. మునిరాజు చేతిని నుదుటికి ఆనించి చూశాడు.

"మోడం పడతాంది. కప్పి పెడదాం బావా. ఇంకొక ఎండ కావాల."

"ఇంకొక ఎండ అని కూర్చుంటే ఈ వానకు అంతా తడిసిపోతాది. ఆరిందిలే, ఏసేద్దాం."

"అమ్మను అడగాల."

మా అత్తకు వేరే కొలమానం లేదు. కట్టను చెంపకు ఆనించి, కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. చేను ఏటవాలుగా ఉంటుంది. పై పక్క రాగి నిజంగానే గలగలమంటోంది. కింది గట్టు పక్కది పైకి ఎండినట్టున్నా, కట్ట విప్పితే లోపల చల్లగా తగులుతోంది. అది నాకు తెలుసు, పొద్దున తిప్పి కట్టలు కట్టింది నేనే. ఆమె ఇంటి నుంచి వచ్చేలోపు పై పక్క కట్టలు పది పన్నెండు మోసుకొచ్చి, కింది పక్క వరుసల ముందర పెట్టాను. ఆమె అక్కడ రెండు, ఇక్కడ రెండు చెంపకు ఆనించి, "ఆరిందిరా మునిరాజా, ఏసేయండి" అంది. అయిదున్నరకు కుప్ప పూర్తయింది, పైన టార్పాలిన్ కప్పాం, ఆరింటికి చినుకు పడింది. టార్పాలిన్ మీద చినుకుల చప్పుడు విని సుగుణ నవ్వింది. నలభై రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు. "ఆదివారం పొద్దున్నే పోదాంలే" అంది. ఇంటికి వెళ్ళగానే దుప్పట్లు ఉతకాలి, నువ్వు ఉతికి ఉండవు అని కూడా అంది.

శుక్రవారం పని లేదు కాబట్టి కావేరిపట్టణం వెళ్ళాను. హోసూరు నుంచి కృష్ణగిరికి, అక్కడ ఇంకో బస్సులో అరగంట. ఆ ఊరి నిప్పట్లంటే సుగుణకు ప్రాణం. మా పెళ్ళైన కొత్తలో కాగితం పొట్లం ఒడిలో పెట్టుకుని చిత్తూరు చేరేలోపు ఖాళీ చేసింది. ఏటిగట్టు పక్క వీధిలో ఒక పెద్దామె గుడ్డ మీద పిండి తట్టి నూనెలో వేస్తోంది. తెలుగులోనే మాట్లాడింది.

"ఎవురికప్పా ఇన్ని?"

"ఇంట్లో ఆమెకు. రాగి కుప్ప ఏసేసినాము, ఎల్లుండి ఊరికి పోతాము."

"ఈ వానలోనా? ఎన్ని ఎండలు తగిలినాయి?"

"ఒకటిన్నర."

ఆమె జల్లిగంటె పక్కన పెట్టింది. "ఒకటిన్నరకే ఏసినారా? లోపల ఈరం, చెమ్మ ఉంటే కుప్ప ఉడుకుతాదప్పా! మా పుట్టింట్లో ఒక తూరి అట్లే అయ్యింది. చెయ్యి పెడితే చుర్రుమనె. ఆ రాగులు ముద్దకు రాల్యా, కోళ్ళకు ఏసినాము. మీ ఇంట్లో పెద్దోళ్ళు సూడల్యా?"

"చూసినారు."

"సూసుంటే సరేలే" అంది. నిప్పట్లు వేడిగానే ఉన్నాయి, దారిలో ఒక్కటి కూడా తినలేకపోయాను. శూలగిరి దగ్గర వాన బస్సు అద్దాలను కొట్టింది. హోసూరులో నాలుగున్నరకే దిగాను. అప్పుడే వెళ్ళి చెప్పి ఉండొచ్చు. వెళ్ళలేదు. ఆదివారం పోదాం అన్న మాట ఇంకొక్క పూటయినా నాదిగా ఉండాలనిపించింది.

శనివారం ఆరున్నర బస్సుకు వెళ్ళాను. మంచు ఎంత దట్టంగా ఉందంటే కండక్టరే తల బయట పెట్టి ఊళ్ళ పేర్లు వెతుక్కుంటున్నాడు. మునిరాజు నోట్లో బ్రష్షుతో కుప్ప దగ్గర నిలబడి ఉన్నాడు. టార్పాలిన్ అంచుల కింద నుంచి తెల్లగా ఆవిరి లేస్తోంది.

"సూడు బావా, మంచు మన కుప్ప మింద ఎట్ల ఆడతాందో."

నేను అటు పక్కకు వెళ్ళి మొదళ్ళ మధ్య మోచేతి వరకు చెయ్యి దూర్చాను. అప్పుడే దించిన గిన్నెలో పెట్టినట్టు సెగ. పులిసిన వాసన చేతికి అంటుకుంది. చెప్పకపోతే ఏమవుతుందో నాకు స్పష్టంగా తెలుసు. రేపు సుగుణ నాతో బస్సు ఎక్కుతుంది. నెల తర్వాత నూర్చేటప్పుడు నల్లబడిన రాగులు బయటపడతాయి, అందరూ వానను తిడతారు. ఏడాది తిండి పోతుంది, నా పేరు రాదు.

"మునిరాజూ, అది మంచు కాదు. కుప్ప ఉడుకుతాంది."

"సాల్లే బావా, పొద్దున్నే నీ ఏషాలు."

"చెయ్యి పెట్టి చూడు."

పెట్టాడు. బ్రష్షు కింద పడింది. కేక వేస్తే ఇంట్లోంచి అత్త, సుగుణ వచ్చారు. వాళ్ళ ముగ్గురి ముందు కట్టలు మార్చి పెట్టిన సంగతి చెప్పాను. ఎవరూ తిట్టలేదు. మా అత్త తన చెంప మీద చెయ్యి వేసుకుంది. "నలబై ఏండ్లుగా సూస్తాండా, ఎప్పుడూ తప్పలేదు" అని మాత్రం అంది. అదేదో తన చెంప తప్పన్నట్టు. అంతకన్నా వరుసలు తిప్పే కర్ర తీసుకుని కొట్టి ఉంటే బాగుండేది.

పక్క చేలవాళ్ళు నలుగురు వచ్చారు. కుప్ప మొత్తం పడగొట్టి, కట్టలు విప్పి, మళ్ళీ చేలో పరిచాం. నడిమి కట్టలు కొన్ని రంగు మారాయి, తక్కినవి నిలుస్తాయన్నారు. పదకొండుకు మంచు విడిచి ఎండ వచ్చింది, మూడింటికి మళ్ళీ మబ్బు. ఆ నాలుగు గంటలు ఎవరూ తలెత్తలేదు. సుగుణ నా పక్క వరుసలోనే కట్టలు విదిలిస్తోంది. చాలాసేపటికి, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఏల చెప్పినావు? చెప్పకుంటే రేపు నీతో వచ్చేదాన్ని కదా."

"తెలుసు."

"తెలిసీ చెప్పినావా?"

"ఊ."

ఇంకో రెండు కట్టలు విదిలించింది. "నవ్వకుండా చెప్పినావు ఈ తూరి" అంది. తర్వాత, "ఆ గట్టు కింద కట్టలు ఇంకా ఇప్పల్యా. ఇప్పు."

ఆదివారం పొద్దున ఊరంతా తుంపర. పరిచిన రాగి మీద ఇంట్లో ఉన్న టార్పాలిన్లన్నీ కప్పి ఉన్నాయి. నేను ఉంటాను, కుప్ప మళ్ళీ వేసేదాకా ఉంటాను అన్నాను. "వద్దు. నువ్వుంటే తొందరపెడతావు. పో" అంది. కానీ బస్సు ఆగే చోటు వరకు వచ్చింది, తల మీద గోనెసంచి మడిచి వేసుకుని. బస్సు మలుపు తిరిగి కనబడ్డాక నేనే అడిగాను.

"ఇంకా ఎన్ని ఎండలు తగలాల?"

"అది నేను చెయ్యి పెట్టి సూసి చెప్తా" అంది.

ఇది రాస్తున్నది చిత్తూరులో, గురువారం. దుప్పట్లు ఉతికి ఆరేశాను. ఇక్కడ ఆకాశంలో మబ్బు ముక్క లేదు, అంగడి ముందు ఎండ కాళ్ళు కాలుస్తోంది, నాకు ఈ ఎండతో పని లేదు. పొద్దున లేచి మొదట చూసేది ఫోన్లో హోసూరు ఆకాశం. నిన్న సగం ఎండ, సగం మబ్బు బొమ్మ వచ్చింది. సాయంత్రం ఫోన్ చేస్తే సుగుణ తీసింది. ఆడ ఎట్లుంది అని అడిగితే, "ఇప్పుడే మోడం విడస్తాంది" అని, పెట్టేయకుండా ఒక నిమిషం ఊరికే ఉంది. అవతల టార్పాలిన్ లాగుతున్న చప్పుడు వినబడింది. నాకు వచ్చిన గొంతుల్లో ఏ గొంతుతోనూ ఆ నిమిషంలో ఏమీ అనలేదు, వింటూ ఉన్నాను.

ఈ కాలంలో హోసూరు, కృష్ణగిరి వైపు వెళ్ళేవాళ్ళకు ఒక్కటే సలహా. తిరుగు టికెట్టు ముందే తీసుకోకండి. పోయిన ఆదివారానికి నేను ముందే రెండు సీట్లు తీసుకుని ఉన్నాను. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచి, వేలూరు దాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు.