యమున విన్న చప్పుడు

మడికొండ రోడ్డు పక్కన భానుచందర్ షెడ్డుకు ఏ బండి వచ్చినా ముందు యమున చెవిలో పడుతుంది, తర్వాతే కంట్లో పడుతుంది. లారీల హోరు, బస్సుల దగ్గు, ఆటోల చిటపట కలిసి పారే ఆ రోడ్డులోంచి తనకు కావలసిన ఒక్క చప్పుడును ఆమె వేరుచేస్తుంది, చాటలో బియ్యం చెరుగుతూ మట్టిబెడ్డను ఏరినంత తేలికగా. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తెలిసినందుకు కొంచెం గర్వం కూడా. దాన్ని దాచుకునే మనిషి కాదు.

ఆమెది నెక్కొండ దగ్గరి పల్లె. పెళ్లయి వచ్చేనాటికి పానా పట్టిన చెయ్యి కాదు, పార పట్టిన చెయ్యి. పొలానికి నీళ్లు కట్టేది. ఇంట్లో కూర్చుని బోరు మోటారు చప్పుడు విని, నీళ్లు తగ్గుతున్నాయని తండ్రికి చెప్పేది. ఆమె భర్త భానుచందర్ జీపుల కాలం మేస్త్రీ. రేకులు సుత్తితో కొట్టీ కొట్టీ, సైలెన్సర్ ఊడిన ఇంజన్ల పక్కన తల పెట్టీ పెట్టీ అతని చెవులు మెల్లమెల్లగా మూసుకుపోయాయి. ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే మాట అందుతుంది. సన్నటి చప్పుళ్లే పోయాయి. ముందు పిట్టలు పోయాయి, తర్వాత తుంపర వాన, ఆ తర్వాత బేరింగులు. పిట్టలు పోయినప్పుడు అతను పట్టించుకోలేదు. బేరింగులు పోయిన రోజు అన్నం ముట్టలేదు.

అప్పటినుంచి అతని చెవులు యమునవి. బండి స్టార్టు చేస్తే ఆమె విని, తన భాషలో చెప్పేది. "తుమ్మెద గూడు లెక్క", "కొత్తవాడ మగ్గం లెక్క", "ఎండిన చింతకాయ ఊపినట్టు". అతను కళ్లు మూసుకుని ఆ మాటల్లోంచి రోగం పోల్చుకునేవాడు. కొన్నాళ్లకు ఆమే పోల్చుకోసాగింది. ఇంకొన్నాళ్లకు బండి కిందికి దూరింది కూడా ఆమే. అయినా గిరాకీ ముందు తీర్పు చెప్పేది మాత్రం భానుచందరే. చెవులు పోయిన మేస్త్రీ దగ్గరికి చప్పుడు చేసే బండిని ఎవరు తెస్తారు? ఆ భయంతో ఇద్దరూ ఆ గుట్టును రోజూ మోశారు.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున, వరంగల్ బజారులో విత్తనాల దుకాణం నడిపే కిషన్ రావు తన కొత్త బండితో వచ్చాడు. కొత్తదంటే అతనికి కొత్తది, అంతే. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం ఎప్పుడూ అందే పెద్ద కారు, ఎవరో వాడి అమ్మింది. నెక్కొండ వైపు రేగడి పొలాల్లో విత్తనం పంట చూసుకోవడానికి ఏరికోరి కొన్నాడు. ఇంజన్ ఆపకుండానే దిగాడు.

"భానూ! స్పీడు పెరిగితే చాలు, హూ... అని ఒకటే ఊళ. ఇద్దరు మేస్త్రీలు చూసిండ్రు. ఇద్దరూ గేర్ బాక్స్ మార్చుమన్నరు. నువ్వన్న చెప్పు, లేకుంటే రేపు పట్నం పంపుత. దీంతోపాటు నా ట్రాలీలు, ఆటోలు గూడ గక్కడికే."

భానుచందర్ గంభీరంగా తల ఊపాడు. అతనికి అందింది సగమే. మిగతా సగం యమున ముఖంలో చదువుకున్నాడు. కిషన్ రావు బళ్లు రాకపోతే ఆ షెడ్డుకు సగం పని లేనట్టే.

యమున వెనుక సీట్లో చెప్పులు విప్పి కూర్చుంది. పక్క షెడ్డు పోశయ్య, భానుచందర్ దగ్గరే పని నేర్చినవాడు, స్టీరింగ్ పట్టాడు. బండి వేగం అందుకోగానే ఆ ఊళ లేచింది. అది ముందునుంచి రాలేదు. ఆమె మడమల కింద, బండి నడుములో పుట్టి రెండు వైపులకూ పాకింది. లోపల ఎక్కడో ఒక తేనెటీగ దారి తప్పి తిరుగుతున్నట్టు ఉంది.

"గేర్ బాక్స్ గాదు," అంది షెడ్డుకు తిరిగి రాగానే, ఈసారి భర్త తీర్పు కోసం ఆగకుండా. "ముందటి నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్ట్. దాని నడుమ బేరింగు అరిగింది."

"వదినె, నీకు చప్పుడు గాదు, రేడియో వినపడుతాంది," అని నవ్వాడు పోశయ్య. "అంత నమ్మకముంటె షాఫ్ట్ దించు. అది లేకుండ నడిపి చూద్దాం. జీపులకు గట్లనే చేసెటోళ్లం గదా."

అదీ నిజమే. షాఫ్ట్ లేనప్పుడు ఊళ ఆగితే తప్పు దానిదే. యమున చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టింది, గేరు తీసింది, బండి కిందికి దూరింది. షాఫ్ట్ కొసలు కలిసే రెండు చోట్లా ఎర్రటి గోళ్లరంగుతో గీతలు గీసింది, మళ్లీ బిగించేటప్పుడు పాత జతే కుదరాలని. తుప్పు పట్టిన బోల్టులు ఒక్కొక్కటే మూలిగి లొంగాయి. చివరిది ఊడగానే ఆ పొడవాటి ఇనుము ఆమె ఛాతీ మీదికి ఒరిగింది. రెండు చేతులా పొదివి పట్టుకుని, నిద్రపోతున్న లేగదూడను దించినట్టు నేల మీదికి దించింది.

పోశయ్య రాళ్లు తీసి, ఎక్కి గేరు వేశాడు. ఇంజన్ అరిచింది. బండి కదల్లేదు. ఇంకా తొక్కాడు. ఇంకా అరిచింది. నాలుగు చక్రాలూ తమకేమీ పట్టనట్టు నిలబడ్డాయి.

"ఏమైందే? సంపిండ్రా నా బండిని?" కిషన్ రావు బండి దగ్గరికి ఉరికాడు. "నడిచే బండి తెస్తి గదా నేను! ఆడామెతోని బోల్టులిప్పిస్తవా భానూ? నువ్వెందుకు చూడలె?"

పోశయ్య మెల్లగా కిందికి దిగాడు. జీపులకు ఎన్నడూ ఇట్లా కాలేదని గొణిగాడు. భానుచందర్ భార్య ముఖం వైపు చూశాడు. ఆ ముఖంలో ఈసారి చదవడానికి ఏమీ దొరకలేదు.

యమున నేల మీదికి వంగి బండి కిందికి చూసింది. "పోశయ్యా, ఇంకోసారి ఎక్కి తొక్కు. జర మెల్లగ." షాఫ్ట్ ఊడిన చోట మిగిలిన మొండి కొస గిర్రున తిరుగుతోంది. ఇంజన్ బలమంతా ఆ ఖాళీలోకి పోతోంది.

ఆ తిరుగుడును చూస్తూ చూస్తూ ఆమె కళ్ల ముందుకు తండ్రి పొలం వచ్చింది. ఒకటే కాలువ. అటు ఒక మడి, ఇటు ఒక మడి. అటు గట్టు తెగిందంటే నీళ్లన్నీ అటే పడిపోతాయి, ఇటు మడికి చెమ్మ కూడా దక్కదు. అలాంటప్పుడు చిన్న యమున పరుగెత్తి తెగిన చోట మట్టిపెళ్ల అడ్డం వేసేది. జీపులో ముందుకూ వెనక్కూ ఎప్పుడూ బలం పంచే ఈ కాలువే లేదు. ఈ బండిలో ఉంది. అయితే అడ్డం వేసేది కూడా ఎక్కడో ఉండాలి.

లేచి బండిలో తల పెట్టి వెతికింది. గేరు రాడ్డు పక్కన, మీది బొమ్మ చెరిగిపోయిన చిన్న రాడ్డు ఇంకొకటి కనిపించింది.

"గిదేంది సేటూ?"

"ఏమో, అమ్మినోడు చెప్పలె. నేను ఎన్నడు ముట్టలె."

ఆమె దాన్ని గట్టిగా నెట్టింది. లోపల ఏదో 'టక్' మని కూర్చుంది. "ఇగ పోనీయ్ పోశయ్యా," అంటూ వెనుక సీటెక్కింది. కిషన్ రావు ముందు కూర్చున్నాడు.

బండి ముందు చక్రాలు కదిలాయి. షెడ్డులోంచి మెల్లగా, మొండితనం మరిచిన కోడెలాగా, రోడ్డు మీదికి నడిచింది. రోడ్డెక్కి అంత వేగమూ అందుకున్నాక కూడా దాని నడుములో ఏమీ పలకలేదు. తేనెటీగ లేదు. అద్దాల మీద వాన చినుకులు రాలే చప్పుడు మాత్రం ఉంది.

తిరిగొచ్చేసరికి కిషన్ రావు ముఖం విప్పారింది. "ఇగ గిట్లనే ఉండనీ. చప్పుడు పోయింది గదా, ఆ ఇనుప ముక్కతోని నాకేం పని?"

"పోయింది చప్పుడొక్కటే గాదు సేటూ, వెనక రెండు చక్రాల పాణం గూడ పోయింది," అంది యమున. "రేగట్ల దిగబడ్డంక ఎవరిని పిలుస్తవ్? రెండు చక్రాల బండే కావాల్నంటె ఇంత పెద్ద బండి ఎందుకు కొన్నవ్? బేరింగు మార్చి, షాఫ్ట్ ఎక్కించి ఇస్త. అట్లనే వదిలిన బండి నా షెడ్డు దాటిపోదు."

'నా షెడ్డు' అన్న మాట నోరు జారలేదు. అనాలనే అంది.

కిషన్ రావు ఆమెను దాటి వెనక్కి చూశాడు. "భానూ, నువ్వేమంటవ్? నీ మాటనే ఖాయం."

ఇటువంటి చోటనే ఇన్నేళ్లూ భానుచందర్ తల ఊపుతూ వచ్చాడు. ఇప్పుడు ఊపలేదు. ఒళ్లో గుడ్డకు చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చాడు.

"నన్నెందుకు అడుగుతవ్ సేటూ? నాకు చెవులు పోయి శానా ఏండ్లాయె. నీ బండి ఊళ వేస్తాందన్నవ్, నాకు ఊళ గాదు, ఈగ గూడ వినపడలె."

పోశయ్య నోరు తెరిచి చూశాడు. అతనికీ తెలియదు.

"మరి మొన్న నా ఆటో క్లచ్చు?" అని అడిగాడు కిషన్ రావు.

"ఆమెనే."

"పోయినేడు ట్రాక్టరు ఇంజన్?"

"ఆమెనే. కిందికి దూరింది ఆమె, పైకి మీసం తిప్పింది నేను," అన్నాడు భానుచందర్. అతని గొంతులో సిగ్గు కోసం వెతికితే దొరికేది కాదు. పంట బండి ఎక్కిన రోజు రైతు మాట్లాడినట్టు మాట్లాడాడు.

కిషన్ రావు కాసేపు నేల మీద పడుకున్న షాఫ్ట్‌ను, దాని మీది ఎర్రగీతను చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అయితె చెయ్యమను. నేను గీడనే ఉంట."

పాత బేరింగు చేతిలో తిప్పితే గరగరమంది. లోపలి గోళీలు నలిగి ఇసుకలా ఉన్నాయి. పోశయ్య కొలత తీసుకుని వరంగల్ వెళ్లి, సరిపోయేది వెతికి తెచ్చాడు. లేతు మిషన్ దగ్గర దాన్ని షాఫ్ట్‌కు ఎక్కించారు. ఎర్రగీతకు ఎర్రగీత కలిపి యమున బోల్టులు బిగించింది. చిన్న రాడ్డును వెనక్కి లాగి కాలువను మళ్లీ రెండు వైపులా వదిలింది.

ఆ రోడ్డు మీద పద్ధతి ఒకటి ఉంది: రిపేరు అయ్యాక పని చేసినవాళ్లే ట్రయల్‌కు స్టీరింగ్ పట్టాలి, బండి యజమాని పక్కన కూర్చోవాలి. ఆ వరుసలో ఎవరెక్కడ కూర్చున్నారో చూసి, ఉస్తాద్ ఎవరో రోడ్డంతా తెలుసుకుంటుంది. పోశయ్య అలవాటుగా తాళం కోసం చేయి చాచాడు. భానుచందర్ ఆ చేతిని దాటించి తాళం యమునకు ఇచ్చాడు. తాను పోశయ్యతో పాటు వెనుక సీట్లో సర్దుకున్నాడు.

ఆమె కొంగు బిగించి కూర్చుంది. వాన వెలిసిన రోడ్డు మీద బండి సాగింది. టీ కొట్టు వాళ్లు చూశారు, పంక్చర్ షాపు వాళ్లు చూశారు. చూడనివ్వాలనే ఆమె అద్దం దించింది. వేగం పెరిగింది. నాలుగు చక్రాలూ ఒకే మాట మీద నడిచాయి. అరికాలి కింద ఇనుము నీళ్లలా మెత్తగా తిరుగుతోంది. ఆ మెత్తదనం తన చేతుల్లోంచి వచ్చిందని తలచుకుని ఆమె ఇంకొంచెం తొక్కింది.

తిరిగి వచ్చాక కిషన్ రావు స్టీరింగ్ ముందు కూర్చుని సెల్ తీశాడు. అద్దంలోంచి ఆమెతో ఏదో అన్నాడు. ఆమె జవాబు చెప్పింది. బండి రోడ్డెక్కి వెళ్లిపోయింది.

"ఏమన్నడే?" అని అడిగాడు భానుచందర్, ఆమె పెదవుల వైపు వంగి.

"నా నంబరు తీసుకున్నడు," అని గట్టిగా, పక్క షెడ్డుకు కూడా వినపడేటట్టు చెప్పింది యమున. "నీది తీసేస్తనన్నడు."