ఐదో బాయి గోల్‌కీపర్

బెల్లంపల్లిలో రాంచందర్ ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. కొమురెల్లి ఇల్లెక్కడని అడిగితే మాత్రం పెద్దవాళ్లు సైతం తల గోక్కుంటారు. చిత్రమేమిటంటే ఇద్దరూ ఒక్కరే. కన్న అవ్వ పెట్టిన పేరు కొమురెల్లి, బొగ్గుబాయి పెట్టిన పేరు రాంచందర్.

అసలు రాంచందర్ అనేవాడు ఒకడుండేవాడు. పని దొరికిన మొదటి రోజే ఐదో బాయిలోకి దిగి, ఆ చీకటి చూసి దడుచుకుని, సాయంత్రానికల్లా ఊరి బస్సెక్కాడు. మర్నాడు హాజరు పిలిచేటప్పుడు ఆ పేరుకు ఎవరూ పలకలేదు. పని కోసం గేటు దగ్గర పడిగాపులు పడుతున్న కొమురెల్లి ముందుకొచ్చి "ఉన్న" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ముప్పై ఏళ్ల పైచిలుకు బొగ్గు తవ్వాడు, ఇల్లు కట్టాడు, ఆడపిల్ల పెళ్లి చేశాడు. ఇవాళ్టికీ పింఛను తీసుకునేది రాంచందరే. బొగ్గు గనుల దగ్గర ఇదేమంత వింత కాదు. ఆ కాలంలో ఒకరి పేరు మీద ఇంకొకరు బతికినవాళ్లు బస్తీకి పదిమంది దొరుకుతారు. తట్ట మోసేది నెత్తిగాని పేరు కాదు కదా అనేది అక్కడి న్యాయం.

బాయి పనిలో అతను పదిమందిలో ఒకడు. ఫుట్‌బాల్ గ్రౌండులో మాత్రం వేరే మనిషి. ఐదో బాయి క్లబ్బుకు చాలాకాలం గోల్‌కీపర్. కుడిచేతి రెండు వేళ్లు విరిగి వంకరగా అతుక్కున్నాయి. ఆ వేళ్లతో అన్నం కలుపుతుంటే చూసి భార్య కిష్టవ్వ, నన్ను కాకుండా ఆ గోలు కట్టెలనే పెళ్లి చేసుకుంటే సరిపోయేది కదా అని ఎన్నోసార్లు దెప్పింది. అతను నవ్వి ఇంకో ముద్ద కలిపేవాడు.

బాయి మూతపడ్డాక క్లబ్బుకు గడ్డురోజులు వచ్చాయి. కార్మికుల జీతంలోంచి నెలనెలా వచ్చే చందా ఆగిపోయింది. క్లబ్బు గదికి కరెంటు కోసేశారు. రెండేళ్లు ఆదుకున్న ఇసుక కాంట్రాక్టరు తన కాంట్రాక్టు పోగానే మొహం చాటేశాడు. చిరిగిన గోలు వలలకు ఆటగాళ్లే సుతిలి తాళ్లతో ముడులు వేసుకున్నారు. గ్రౌండు కిరాయి పేరుకుపోయి, ఆ జాగాలో ఫంక్షన్ హాలు కడతానని ఒకాయన అప్పుడే టేపు పెట్టి కొలుచుకుని పోయాడు. అలాంటి క్లబ్బు పోయిన చలికాలం లీగ్ కప్పు గెలిచిందంటే బస్తీ అంతా ఎంత ఎగిరిందో చెప్పనక్కర్లేదు.

ఆ సంబరం నెల తిరగకుండానే దావా వచ్చి పడింది. ఫైనల్లో ఓడిన నస్పూర్ వైపు క్లబ్బు ఒకటి, సెమీఫైనల్లో ఓడిన చెన్నూరు వైపు క్లబ్బు ఇంకొకటి కోర్టుకెక్కాయి. ఐదో బాయి వాళ్లు గోల్‌కీపరుగా ఓంప్రకాశ్ పేరు రాయించి, అతని బదులు వేరేవాణ్ణి ఆడించారనీ, కాబట్టి కప్పూ, తమకైన ఖర్చులన్నీ తమకే ఇప్పించాలనీ వాళ్ల వాదన. కప్పు మాకంటే మాకని ఆ రెండు క్లబ్బులూ మళ్లీ తమలో తాము కొట్లాడుకుంటున్నాయి. పిల్ల ఒకతే, పెండ్లికొడుకులు ఇద్దరు అని బస్తీ నవ్వింది. నవ్విందే గాని లోపల గుండె జారింది. ఎందుకంటే వాళ్లు చెప్పింది నిజం.

ఓంప్రకాశ్ లీగ్ మధ్యలోనే దుబాయి విమానం ఎక్కాడు. కొత్త పేరు రాయించే గడువు దాటిపోయింది. ధర్మపురి నుంచి వచ్చి ఇక్కడ లారీ షెడ్డులో పనిచేసే వెంకటేశ్‌ది అదే ఎత్తు, అదే గడ్డం. ఓంప్రకాశ్ పేరు మీద అతన్ని దింపారు. తప్పు చేస్తున్నామని ఒక్కరికైనా తోచలేదు. బాయిలో బతికినవాళ్లకు అది తప్పులా ఎలా తోస్తుంది?

ఇక రోజూ పొద్దుగూకే వేళ క్లబ్బు గది మెట్ల మీద కోర్టు కొలువుదీరేది. భూమి రిజిస్ట్రేషనుకు కూడా ఆఫీసు మెట్లెక్కని వాళ్లు సెక్షన్లు చెప్పడం మొదలుపెట్టారు. కప్పు ఇచ్చేసి చేతులు దులుపుకుందామని పెద్దలన్నారు. కప్పిస్తే తప్పు ఒప్పుకున్నట్టే, ఖర్చులూ మన నెత్తినే పడతాయి, అప్పుడు గదీ పోతుంది గ్రౌండూ పోతుంది అని కుర్రకారు లేచింది. కుర్రకారుకు నాయకుడు భానుప్రసాద్. మొబైల్ షాపు నడుపుతాడు, మ్యాచులకు మైకు పట్టేదీ అతనే. క్లబ్బంటే ప్రాణం. వాదనకు దిగితే కోడిగుడ్డుకు ఈకలు పీకగలడు.

తగవు కోర్టులో నలగడం ఎందుకని రాజీ కోసం ఒక రిటైర్డు జడ్జికి అప్పగించారు. అక్కడ నస్పూర్ క్లబ్బు పెద్ద అంజన్న ఒక మాట అన్నాడు. వయసులో ఉన్నప్పుడు అతను రాంచందర్ మీద ఎన్నోసార్లు గోలు కొట్టబోయి భంగపడ్డవాడు. ఫోటోలు వద్దు, వాదనలు వద్దు, ఆ రోజు గోలులో నిలబడ్డది ఎవరో రాంచందర్ చెబితే చాలు, అదే మాకు ఖాయం, గ్రౌండులో దొంగాట ఎరగని మనిషి అతను అన్నాడు. చెన్నూరు వాళ్లూ సరేనన్నారు.

భానుప్రసాద్ ఆ సాయంత్రమే కొమురెల్లి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"మామా, నీకు ఫికర్ ఏముంది? ఓంప్రకాశ్ ఆడిండు అని ఒక్క మాట చెప్తే అయిపాయె. ఇంకొకల పేరు మోసుడు నీకంటే ఎక్కువ ఎవలకెరుక?"

వేళాకోళంగా అన్నాడుగాని అందులో విషం లేదు. వెంకటేశ్ కూడా వెంటే వచ్చాడు. నా పేరు లేకపోయినా ఏం కాదు, క్లబ్బు బతికితే చాలని గొణిగాడు. అతను ఆ మాట అంటున్నప్పుడు నేల చూస్తున్నాడు. కొమురెల్లి ఎటూ చెప్పలేదు. వాళ్లు ఒప్పుకున్నాడనుకుని సంతోషంగా వెళ్లారు.

అతన్ని తొలిచేది వేరే ఉంది. ఫైనల్ రోజు వెంకటేశ్ తల్లి శంకరవ్వ ధర్మపురి నుంచి బస్సులో వచ్చింది. కొడుకు ఆట ఆమె చూడటం అదే మొదటిసారి. చివరి పెనాల్టీకి వెంకటేశ్ గాల్లోకి లేచి బంతిని పక్కకు కొట్టాడు. మైకులో భానుప్రసాద్ ఓంప్రకాశ్, ఓంప్రకాశ్ అని గొంతు చించుకుంటున్నాడు. శంకరవ్వ లేచి, మా వెంకటేశు, మా వెంకటేశు అని చప్పట్లు కొట్టింది. పక్కనే ఉన్న కొమురెల్లి ఆమె భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఆ పేరు అనకు అక్కా, క్లబ్బుకు మోసమైతది అన్నాడు. ఆమె బిత్తరపోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కప్పు ఇచ్చేదాకా ఆ కొంగు తీయలేదు.

అన్నం తినేటప్పుడు కిష్టవ్వకు ఈ సంగతి చెప్పాడు. ఆమె కూర వడ్డిస్తూ ఆగింది.

"మీ అవ్వను గూడ గట్లనే కూసోబెట్టినవు. గా తర్వాత ఆమె మల్ల గ్రౌండుకు రాలే."

కొమురెల్లి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. కంపెనీ కప్పు గెలిచిన రోజు బాయి మేనేజరు దొరగారు మైకులో రాంచందర్ అని పిలిస్తే, ఆడవాళ్ల మధ్య కూర్చున్న అవ్వ లేచి, గాడు నా కొడుకు కొమురెల్లి అని అందరికీ చెప్పబోయింది. నౌకరీ పోతుందని భయపడి తనే ఉరికి వెళ్లి ఆమె నోరు మూయించాడు. ఆమె కోప్పడలేదు. ఊరికి పోయి, మళ్లీ ఏ ఆటకు రమ్మన్నా మోకాళ్ల నొప్పులని చెప్పేది. చచ్చిపోయేదాకా ఆ నొప్పులు అలాగే ఉన్నాయి.

రాజీ రోజున మంచిర్యాలలోని చిన్న హాలులో మూడు క్లబ్బుల వాళ్లూ కూర్చున్నారు. జడ్జిగారు పేరడిగారు. కొమురెల్లి లేచి నిలబడ్డాడు. భానుప్రసాద్ ధైర్యంగా తల ఊపుతున్నాడు. ఆ తల ఊపడం చూస్తే అతనికి జాలేసింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఇవాళ తననే అంటారని తెలుసు.

"బాయిల రాంచందర్ అంటరు సార్. మా అవ్వ పెట్టింది కొమురెల్లి. ఆ దినం గోల్‌ల నిలబడ్డది ఓంప్రకాశ్ కాదు. వెంకటేశ్. ధర్మపురి శంకరవ్వ కొడుకు. అసొంటి ఆట నేను గూడ ఎన్నడు ఆడలే."

భానుప్రసాద్ ముఖం పాలిపోయింది. ఐదో బాయి పని అయిపోయిందని చెన్నూరు వాళ్ల కళ్లు మెరిశాయి. అప్పుడు అంజన్న మెల్లగా లేచాడు. కప్పు న్యాయంగా మాది, తీసుకుంటాం అన్నాడు. జడ్జిగారి వైపు తిరిగి మళ్లీ చెప్పాడు.

"ఖర్చులు ఇడిశిపెడుతున్నం సార్. నేను గూడ బాయిల అంతయ్య పేరు మీదనే బతికిన. నాకు తెల్వదా గీ కథ."

నస్పూర్ వాళ్లే వదిలేశాక చెన్నూరు వాళ్లకూ పట్టుబట్టే మొహం లేకపోయింది. కప్పు నస్పూరుకు పోయింది. క్లబ్బును లీగ్ కింది తరగతికి దింపారు. గ్రౌండు బాకీ మాత్రం ఎక్కడికీ పోలేదు. కొమురెల్లి నడిచి వస్తుంటే కుర్రవాళ్లు మెట్ల మీంచి లేచి వెళ్లిపోయేవారు. భానుప్రసాద్ అయితే ఎదురుపడినా ఫోన్ చూసుకుంటూ పోయేవాడు. కొమురెల్లికి చాలా బాధేసింది. అయినా రోజూ వెళ్లి గోలు పక్కన తన రాయి మీద కూర్చునేవాడు. వెంకటేశ్ ఒక్కడే బంతులు పట్టడం సాధన చేసేవాడు. మోకాళ్లు వంచరా అని ఈయన తిట్టేవాడు.

వానలు వెనకబట్టాక మెట్ల మీద మళ్లీ జనం చేరారు. మూతపడ్డ బాయిల పాత కార్మికులు కొందరు పింఛనులోంచి తలా కొంత వేసి గ్రౌండును ఆ ఏటికి నిలబెట్టారు. ఫంక్షన్ హాలు ఆయన వచ్చే ఏడు చూద్దామని టేపు చుట్టుకున్నాడు. క్లబ్బు గట్టెక్కిందని ఎవరూ అనుకోలేదు. ఊపిరి మాత్రం ఉంది.

కింది తరగతిలో మొదటి మ్యాచ్ రోజు శంకరవ్వ మళ్లీ వచ్చింది. వచ్చి కొమురెల్లి పక్కనే, కాస్త ఎడంగా కూర్చుంది. మైకు గరగరలాడింది. భానుప్రసాద్ ఇంకా ఇటు చూడటం లేదు. కానీ గోల్‌కీపర్ దగ్గరికొచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, వెంకటేశ్, ధర్మపురి శంకరవ్వ కొడుకు అని చదివాడు.

ఆమె సగం లేచింది. లేచి, భయంగా కొమురెల్లి వైపు చూసింది.

"ఇప్పుడు అనచ్చా అన్నా?"

కొమురెల్లికి కళ్లు మసకబారాయి. వంకరపోయిన వేళ్లతో తుడుచుకున్నాడు.

"అను అక్కా. గట్టిగ అను."